మాగాయ జాడీ మీది రాయి

దుర్గ్ వెళ్ళే బండి విజయనగరానికి సాయంత్రం అయిదింటికి రావాలి. ఆరుంబావుకి వచ్చింది. పరిశోధన మొదలుపెట్టి ఏడేళ్ళయినవాడికి గంటంబావు ఒక లెక్క కాదు కనుక నేను ఏమీ అనుకోలేదు. 1998 మే నెల. భిలాయి చూడాలనుకునేవాళ్ళకు నా సలహా ఒకటే, మేలో మాత్రం వెళ్ళకండి. నేను వెళ్ళింది మా గైడు గారి మాట తీసెయ్యలేక.

ఆయన రిటైర్మెంటుకి రెండు నెలలే ఉంది. ఇనుప తుప్పులాంటి పొడిని కంటికి ఆనని నలుసులుగా చేసి కలుషితమైన నీళ్ళలో కలిపితే, నీళ్ళలోని పాషాణాన్ని, అదే ఆర్సెనిక్ విషాన్ని, అది పట్టేసుకుంటుంది. ఆ నలుసుల్ని ‘నానో’ అంటారని ఆయన ఏదో విదేశీ పత్రికలో చదివారు. అప్పట్నుంచి ఆయనకు కాఫీలో పంచదార కూడా నానోగానే కనిపిస్తోంది.

“షాపులో కొన్న కెమికల్స్‌తో ఎవడైనా చేస్తాడు. నువ్వు అసలైన ఖనిజం రాయితో చెయ్యి. పొడి తెచ్చి నా బల్ల మీద పెట్టు, థీసిస్ మీద సంతకం పెడతాను. లేదా కొత్త గైడు దగ్గర మళ్ళీ మొదటి నుంచి” అన్నారు. ముప్ఫై మూడేళ్ళ వయసులో, పెళ్ళిచూపుల్లో రెండుసార్లు “అబ్బాయి ఇంకా చదువుతున్నాడా?” అనిపించుకున్నవాడికి ‘మొదటి నుంచి’ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఎదురు సీట్లో ఒక రైల్వే గార్డు గారు పులిహోర పొట్లం విప్పుతూ ఎక్కడికన్నారు. ఇనుప రాయి కోసం భిలాయికన్నాను.

“దానికి ఇంత దూరమేటండీ? అక్కడ సాయంత్రం సొక్కా ఇప్పి దులిపితే సాలు, కేజీ రాల్తాది” అన్నారాయన. పులిహోర మాత్రం బాగుంది.

పొద్దున్న ఎనిమిదింబావుకి, భిలాయి పక్కనే ఉన్న దుర్గ్‌లో దిగాను. టెంపోలో సుపేలా దాకా ఆరు రూపాయలు. అక్కడ మూడు రూపాయలకి పోహా అనే అటుకుల ఉప్మా, పైన రెండు జిలేబీలు. ఇంకో టెంపో పట్టుకుని మరోదా అనే పేటలో మా అక్కావాళ్ళ క్వార్టర్‌కి చేరేసరికి పది. మా బావ ఉక్కు ప్లాంట్‌లో ఫోర్‌మన్. రాయి మాట ఎత్తగానే ఆయన ముఖం మారిపోయింది.

“ఒరే, ఇరవై రెండేళ్ళు సర్వీసు సేసినాను. గేటు దాటించి సిన్న బోల్టు కూడా తేలేదు. పర్చీ, అదే గేటు చీటీ, లేకుండా కుదరదు. మీ యూనివర్సిటీ లెటర్ ఉందేటి? ఇయ్యి, నేనే తీసుకెల్తాను.”

ఉంది. ముద్రలున్న లెటర్. సాయంత్రం బావ దాన్ని వెనక్కి తెచ్చాడు. మా యూనివర్సిటీవాళ్ళు అందులో గైడు గారి బిరుదులన్నీ రాశారు గానీ, రాయి ఎన్ని కేజీలు కావాలో రాయలేదు. మర్నాడు సుపేలా వెళ్ళి ఎస్టీడీ బూత్ నుంచి యూనివర్సిటీకి ఫోన్ చేస్తే, టైపిస్టు పెళ్ళికి వెళ్ళాడని, సోమవారం దాకా రాడని చెప్పారు. చేత్తో రాసి పంపకూడదా అంటే అది పద్ధతి కాదన్నారు. ఆ రోజు కూడా వరండాలో మాగాయ జాడీ పక్కన కూర్చుని మజ్జిగ తాగుతూ గడిపేశాను.

అప్పుడు వచ్చింది అప్పయ్యమ్మ. డెబ్బై దాటిన మనిషి, శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చి రైలు పట్టాల అవతలి బస్తీలో స్థిరపడింది. రెండు నెలల కిందట సర్కారువాళ్ళు వచ్చి, అక్కడి బోరింగు నీళ్ళు తాగొద్దని దానికి ఎర్ర రంగు పూసి వెళ్ళారట. భూమిలోంచే పాషాణం వస్తోందట. అప్పట్నుంచి ఆవిడ పొద్దునా సాయంత్రం పట్టాలు దాటి వచ్చి అక్కావాళ్ళ కుళాయి దగ్గర బిందె నింపుకుపోతోంది. వరండాలో నేను దిగాలుగా ఉండటం చూసి సంగతి అడిగింది. చెప్పాను.

“ఓలమ్మో! ఈ రాయి కోసమేటి?” అంటూ జాడీ మూత మీది బరువు ఎత్తి నా ఒళ్ళో పెట్టింది.

ఎర్రటి, నున్నటి ఖనిజం రాయి! ఉప్పు పసుపు వేసిన మామిడి ముక్కలు ఊట దిగాలంటే పైన బరువుండాలి. వ్యాగన్ల నుంచి పట్టాల పక్కన జారిపడ్డ రాళ్ళు దానికి శ్రేష్ఠమట. ఈ పేటలో ప్రతి తెలుగింట్లోనూ ఒకటుందట. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన మా బావ సిగ్గుతో గోడకేసి తిరిగాడు. “మరి నాకేటి తెల్సు? వంటింటి సామాన్లని నేనెప్పుడు సూసినాను?” అన్నాడు.

“తీసుకో బాబూ. గానీ ఆ మందేదో మా బోరింగు నీటికేసి సూపించాల” అంది అప్పయ్యమ్మ. అక్క జాడీ మీద రోలు పొత్రం పెట్టింది.

సెలవుల్లో మూసి ఉన్న ఒక స్కూలు లేబొరేటరీ తాళాలు బావ ఇప్పించాడు. రాయి కడిగాను, నూరాను, ఆమ్లంలో కాచాను, ఇసుక వడగట్టి అమ్మోనియా బొట్టుబొట్టుగా వదిలాను. బురదలా దిగినదాన్ని వాసన పోయేదాకా కడిగి ఆరబెట్టాను. రెండు రోజుల చాకిరీకి రెండు చెంచాల పొడి మిగిలింది.

శుక్రవారం పదింటికి బస్తీలో బోరింగు చుట్టూ ఆడవాళ్ళందరూ చేరారు. ఒక బిందె నీళ్ళు పట్టి, కొన్ని సీసాలో పోసి, పాషాణం ఉంటే రంగు మారే కాగితం మూతి మీద పెట్టి పరీక్ష చేస్తే అది కాఫీ రంగుకి తిరిగింది. ఒక చెంచా పొడి వేసి కలిపాను. పాషాణం సంగతేమో గానీ నీళ్ళు ఎర్రగా అయిపోయి, మధ్యాహ్నం ఒంటిగంట దాకా అలాగే ఉన్నాయి. మరీ సన్నం చేశానేమో, పొడి అడుక్కి దిగనే లేదు. ఎవరో “పాన్ నమిలి ఉమ్మినట్టుంది భయ్యా” అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

అప్పయ్యమ్మ కొంగుముడి విప్పి ఒక చిల్లగింజ తీసింది. మట్టికుండ లోపలి గోడకి దాన్ని నాలుగుసార్లు అరగదీసి, బిందెలోని ఎర్ర నీళ్ళు అందులో పోసింది. “బురదనీటికి మాయమ్మ ఇలాగే సేసేది” అంది. గంటలో ఎరుపంతా అడుక్కి దిగి పైన నీరు తేటపడింది. మళ్ళీ కాగితం పెట్టాను. తెల్లగానే ఉంది! నేను గట్టిగా అరిచి గెంతాను. ముసలావిడ నా చేయి పట్టుకుని వదల్లేదు.

పరుగున బూత్‌కి పోయి గైడు గారికి చెప్పాను. “చిల్లగింజ అని రాయకు, సహజ పదార్థం అని రాయి. పొడి ఎంత మిగిలింది?” అన్నారు.

“ఒక చెంచా సార్.”

“ముట్టుకోకు” అన్నారు.

శనివారం సాయంత్రం బండి. బ్యాగు సర్దుకుంటుంటే అప్పయ్యమ్మ బిందెతో వచ్చింది.

“బాబూ, ఆ సెంచాడు పొడి ఇచ్చి ఎల్లవా? ఎన్ని బిందెలకొస్తాది?”

“ఒక్క బిందెకి, మామ్మా.”

“ఒక్కటి సాలు. ఒక్క పూట నడక తప్పుతాది గదా. మోకాళ్ళు లాగేస్తన్నాయి.”

తాగడానికి ఇంకా చాలా పరీక్షలు చెయ్యాలి మామ్మా అనైనా అని ఉండవచ్చు. అది నిజం కూడా. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, “ఇది మా సార్‌కి చూపించాలి” అన్న మాట. రాయిలో సగం ఇంకా ఉంది. ఇంకో రెండు రోజులు ఉండిపోతే ఇంకో రెండు చెంచాలు చేసేవాణ్ణి. టికెట్ కన్‌ఫర్మ్ అయిపోయిందని నాకు నేనే చెప్పుకున్నాను.

“సూపించు బాబూ, సదువుకున్నోడివి” అంది. ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. కుళాయి దగ్గర బిందె పెట్టి, అది నిండేదాకా మోకాళ్ళు రాసుకుంటూ నిలబడింది. నేను తల వంచుకుని బ్యాగు జిప్పు వేసుకున్నాను.

తెల్లవారి రాయగడలో బండి ఆగింది. పక్క సీటాయన ప్లాట్‌ఫారం కుళాయిలో సీసా నింపుకొచ్చి వెలుతురుకి పట్టి చూస్తే, నీళ్ళలో మడ్డి తేలుతోంది. నా చొక్కా జేబులో పొట్లం చూసి అదేమిటని అడిగాడు. ఇంటికి చేరకముందే గొప్ప చెప్పుకునే అవకాశం వచ్చింది కదా, నానో దగ్గర్నుంచి అంతా వివరించాను. చెడ్డ నీళ్ళని మంచినీళ్ళు చేసే పొడి అన్నాను.

ఆయన సంతోషంగా సీసా మూత తీసి నా ముందుకు చాపాడు. “చిటికెడు వెయ్యండి మరి.”

నేను జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

“ఇది నీళ్ళలో వేసేది కాదండీ” అన్నాను.