బకెట్ అడుగున మిగిలిన బురద

2022 వేసవి. జనగామలో ఒక ప్రభుత్వ కాలేజీ జియాలజీ ల్యాబులో అటెండర్‌గా చేరి అప్పటికి నాకు ఇరవై ఏళ్లు దాటింది. శుభ్రం విషయంలో నాది కొంచెం పిచ్చి. ఏ రాయి అద్దాల బీరువాలోకి వెళ్లాలన్నా ముందు నా బ్రష్ కిందికి రావలసిందే. అందరూ నవ్వుకునేవారు, నేనేమో గర్వపడేవాణ్ణి.

డోర్నకల్ దగ్గరి తండా నుంచి వచ్చిన సునీత మా సారు దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. గోదావరి అవతల ఒక సున్నపురాయి క్వారీ నుంచి సముద్రపు నత్తల శిలాజాలు తెచ్చింది. ఒక్కోటి మిరపగింజ నుంచి చిటికెన వేలి గోరు దాకా ఉంటుంది. ట్రే నా బల్ల మీద పెట్టి ఊరికి వెళ్లింది. నెలాఖరున ఆమె పని చూడటానికి కమిటీ వస్తుందని తెలుసు కాబట్టి, సాయం చేద్దామని పాత టూత్‌బ్రష్‌తో వాటిని తళతళలాడేలా రుద్దాను.

తిరిగొచ్చి మైక్రోస్కోపులో చూసిన పిల్ల ముఖం పాలిపోయింది.

“అన్నా, వీటి కొసలు ఏడవోయినయ్?”

“మురికిగున్నయని కడిగిన బిడ్డా. ఏమైంది?”

అప్పుడు చెప్పింది. గవ్వ కొసన ఉండే బుల్లి చుట్టును ప్రోటోకాంక్ అంటారట. నత్త పసికూనగా ఉన్నప్పుడు కట్టుకున్న గూడు అదే. అది చిన్నగా, ఎక్కువ చుట్లతో ఉంటే ఆ కూన, అంటే లార్వా, వారాల తరబడి నీళ్లలో తేలుతూ తిని బతికిందని అర్థం. బొద్దుగా, ఒకటి రెండు చుట్లే ఉంటే గుడ్డులోంచి వచ్చి అక్కడే పాకిందన్నమాట. తేలిన జాతి దూర తీరాల దాకా వ్యాపించిందా, పాకిన జాతి ఒక్కచోటే ఉండిపోయిందా అన్నదే ఆమె థీసిస్. నేను రుద్ది పారేసింది సరిగ్గా ఆ కొసల్నే.

“మళ్ల తెచ్చుకుందాం,” అన్నాను.

“ఎట్ల తెస్తమన్నా? క్వారీల ఊట నీళ్లు నిండినయ్. పనే బందైంది.”

ట్రే మీద గుడ్డ కప్పి పక్కకు జరిపింది. అంతకంటే తిట్టినా బాగుండేది. ఆమె మూడేళ్ల కష్టం నా చేతుల్లో అరిగిపోయింది.

ఉన్నట్టుండి బకెట్ గుర్తొచ్చింది. సింకు పైపు బురదతో మూసుకుపోతే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే కడిగిన నీళ్లన్నీ బకెట్‌లో పట్టి, బురద అడుక్కి దిగాక పారబోస్తాను. పరుగున వెనక వరండాలోకి వెళ్లాను. బకెట్ అక్కడే ఉంది, ఇంకా పారబోయలేదు. రెండు చేతులా ఎత్తి ల్యాబులోకి తెచ్చాను.

బురదను ఆరబెట్టాం. సన్న జల్లెడ పడితే ఇసుకా గవ్వలూ కలిసే దిగాయి. బిడ్డ దిగులుగా ఉందని మహబూబాబాద్ మిర్చి చేను పని మానుకొని వాళ్లమ్మ వచ్చింది. మా అవస్థ చూసి నవ్వింది.

“చాట తే అన్న. రోజు బియ్యం నేముతలేమా? గిదీ గంతే.”

చాటను ఒక్క తీరున ఊపుతూ నేముతుంటే ఇసుక ఒక పక్కకు, గవ్వలు ఇంకో పక్కకు చేరాయి. అవి పెద్దవాటికి అంటిన మట్టిలోంచి రాలిన, ఆవగింజంత పిల్ల గవ్వలు. నా బ్రష్‌కు చిక్కనంత చిన్నవి. సునీత కంటిని మైక్రోస్కోపుకు ఆనించి ఒక్కో గవ్వనూ సూదితో తిప్పి చూసింది.

“ఉన్నయ్ అన్నా! కొసలు నిండుగున్నయ్!”

పెద్ద గవ్వల మీది గీతలతో పోల్చి ఏ పిల్ల ఏ జాతిదో తేల్చింది. చిన్న కొసల జాతి ఒకటి దూర తీరాల రాళ్లలోనూ దొరికినదే. బొద్దు కొసల జాతి ఆ క్వారీలో తప్ప ఎక్కడా లేదు. వాళ్లమ్మ అద్దంలోంచి చూసి, “గింత పిల్ల గంత దూరం పోయిందా?” అని నోరు తెరిచింది. నాకు మాత్రం వారం తర్వాత ఆ రోజే అన్నం సయించింది. కమిటీ ముందు సునీత కూడా గట్టెక్కింది.

ఇప్పుడు ఎవరు రాయి తెచ్చినా ముందు “దీంట్ల నీకేం కావాలె?” అని అడుగుతాను. నా కంటికి మురికి అనిపించింది ఇంకొకరికి కావలసింది కావచ్చు. ఆ తర్వాతే బ్రష్ పడతాను. కడిగిన బురదను మాత్రం వాళ్లు చెప్పేదాకా పారబోయను.