పెద్దమ్మ దుప్పట్ల కంచె

మా పెద్దమ్మది మా ఊళ్లో చివరి ఇల్లు. ఆ తర్వాత అడవే. పెదనాన్న పోయాక ఒక్కతే ఉంటూ బట్టలు కుడుతోంది. ఇద్దరూ మట్టి మోసి కట్టుకున్న ఇల్లది. దాన్ని వదలమంటే వినదు. ఆవిడ పట్టు పడితే ఉడుం కూడా పక్కకి తప్పుకోవాలి.

ఆ ఏడు అడవి పందులు పెరట్లో పడ్డాయి. దుంపల మడి మూడుసార్లు తవ్విపోశాయి. నాలుగోసారి వంటింటి తడిక విరగ్గొట్టి లోపలికే వచ్చేశాయి. సంగతి తెలిసి ఆవిడ తమ్ముడు, మా మావయ్య, పట్నం నుంచి దిగాడు.

"కంచెకి కరెంటు తీగ చుట్టేద్దాం అక్కా. పీడ వదులుతుంది."

"రేపు దానికి ఏ పిల్లాడో తగిలితే? నా ఇంటికి ఆ పాపం వద్దురా."

"అయితే నెల గడువు. ఇల్లు భద్రంగా ఉందని చూపించు. లేదా తాళం వేసి నాతో వచ్చెయ్యి."

పెద్దమ్మ సరేనంది. మాటంటే మాటే ఆవిడకి. అందుకే నాకు గుండెల్లో రాయి పడింది.

మనిషి వాసన తగిలితే పంది రాదని సెలూన్ నుంచి బస్తాడు జుట్టు తెచ్చి చల్లింది. వానకి కొట్టుకుపోయింది. తర్వాత పాత దుప్పట్లు అతికి కుట్టి కంచె చుట్టూ నిలువెత్తున కట్టింది. అవతల ఏముందో కనపడకపోతే పంది ముందుకు రాదట. నిజంగానే రాలేదు. పెద్దమ్మని ఆ వారం పట్టలేకపోయాం.

పదో రోజు ఆవిడ బొత్తాలు కొనడానికి వెళ్తే పట్టపగలే దొంగ పడ్డాడు. ఊళ్లోవాళ్లు కుట్టమని ఇచ్చిన బట్టలన్నీ మూటగట్టుకుపోయాడు. ఎదురింటి ముసలి పోస్టుమాన్ పొద్దస్తమానం వాకిట్లోనే ఉంటాడు. చీమ చిటుక్కుమన్నా ఆయనకి తెలుస్తుంది. కానీ దుప్పట్ల వెనక ఏం కనిపిస్తుంది? పందులకని కట్టి దొంగకి చాటు చేసింది మా మహాతల్లి. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇక చాలు, సామాను సర్దు" అన్నాడు కబురు విని మళ్లీ దిగిన మావయ్య.

"నెల కాలేదుగా" అని పెద్దమ్మ టేపు పట్టుకుని విరిగిన తడిక దగ్గరికి వెళ్లింది. విరిగింది ఆవిడ నడుం దాకానే. "పందికి ఇంత ఎత్తు చాలు. పైనున్నదంతా దొంగ కోసం కుట్టిపెట్టాన్రా, బుద్ధిలేక."

కత్తెర తీసుకుని దుప్పట్లన్నీ నడుమెత్తుకి కత్తిరించింది. అయినా పందులు మళ్లీ రాలేదు. ఆ తర్వాత ఇంటింటికీ వెళ్లి జరిగింది చెప్పింది. మిగిలిన రోజులన్నీ కూర్చుని అందరికీ కొత్త గుడ్డతో మళ్లీ కుట్టి ఇచ్చింది.

రుచి మరిగినవాడు ఊరుకుంటాడా? ఒక మధ్యాహ్నం ఆవిడ బట్టలు ఇచ్చి రావడానికి వెళ్లినప్పుడు మళ్లీ వచ్చాడు. ఈసారి పోస్టుమాన్‌కి దుప్పట్ల పైన తలకాయ కనిపించింది. ఆయన కేకకి వీధంతా కర్రలతో పరిగెత్తింది. కుట్టు మిషన్ గుమ్మం దాటకముందే వాడు దొరికిపోయాడు.

నెలాఖరుకి మావయ్య ఆటో తీసుకుని వచ్చాడు. జరిగింది విని కూడా కుదుటపడలేదు.

"రేపు ఇంకోడు వస్తాడు. నీకు భయం లేదా అక్కా?"

"ఎందుకు లేదూ? రోజూ భయమే. భయమేస్తే ఇల్లు కాపాడుకుంటాం గానీ, ఇల్లొదిలి పోతామట్రా?"

మావయ్య ఆటో పంపించేసి, చొక్కా విప్పి, పెరటివైపు వదులైన గుంజలు పాతడానికి వెళ్లాడు.