మూడు రెక్కలు ఏ పక్క?

డాక్టరు చదువులో చేరిన కొత్తలో నా తెలివి మీద నాకున్నంత నమ్మకం ఇప్పుడు నా స్టెతస్కోపు మీద కూడా లేదు. ఆ రోజుల్లో గుండె కవాటాలు నన్ను నానా తిప్పలూ పెట్టేవి. పై గదికీ కింది గదికీ నడుమ ఒక పక్క మూడు రెక్కల కవాటం, ఇంకో పక్క రెండు రెక్కలది. రక్తాన్ని ముందుకు పోనిచ్చి, వెనక్కి రాకుండా మూసుకోవడమే వాటి పని. (మా నాయన కూడా అంతే, దుకాణంలోకి వచ్చిన గిరాకీని ఉత్త చేతులతో వెనక్కి పోనిచ్చేవాడు కాదు.) ఏది ఏ పక్కో మాత్రం నాకు గుర్తుండేది కాదు. చివరికి జనగామలోని మా బట్టల దుకాణమే ఆదుకుంది. రోడ్డు మీద నిలబడి చూస్తే ఎడమ పక్క మూడు రెక్కల తలుపు, కుడి పక్క రెండు రెక్కలది. పుస్తకంలో బొమ్మా అచ్చం అలాగే ఉంది. ఇక చదవాల్సిన పనేముందని హాయిగా పడుకున్నాను.

వైవాలో మేడం అడిగిన మొదటి ప్రశ్నే అది. మూడు రెక్కలది ఎడమ పక్క అన్నాను, ఛాతీ విరుచుకుని. ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. తప్పితే ఆర్నెల్లు వెనకబడతాను. అక్కడ నాయనేమో ప్రతి గిరాకీకీ చీరలతో పాటు నా డాక్టరు చదువునూ విప్పి చూపిస్తున్నాడు. ఇక దాచకుండా దుకాణం కథంతా చెప్పేశాను. ఆవిడ నవ్వాపుకుని, మీ నాయన ఎక్కడ కూర్చుంటాడని అడిగారు. లోపల గల్లా దగ్గర, రోడ్డు వైపు ముఖం పెట్టి అన్నాను.

"మరి గాయన కుడిచెయ్యి దిక్కు ఏ తలుపున్నది?"

అప్పటికి బుర్రకెక్కింది. బొమ్మలోని మనిషి మనకు ఎదురుగా ఉంటాడు, కుడి ఎడమలు ఆయనవే, మనవి కావు. నేనేమో పుట్టినప్పటి నుంచీ దుకాణాన్ని గిరాకీలాగా బయటి నుంచే చూశాను. చదువు పాడవుతుందని నాయన నన్ను గల్లా దగ్గర ఎన్నడూ కూర్చోనివ్వలేదు. కుడి పక్క, మేడం, అని చెప్పి గట్టెక్కాను.

ఫలితం తెలిసిన సాయంత్రం బస్సెక్కి జనగామ వచ్చాను. నాయన అటు తిరిగి చీరలు మడతపెడుతున్నాడు. చప్పుడు కాకుండా వెళ్లి గల్లా దగ్గర కూర్చున్నాను. నిజమే, మూడు రెక్కల తలుపు నా కుడి పక్కనే ఉంది. ఇంతలో నాయన ఇటు తిరిగి, నన్ను అక్కడ చూసి, ఉన్నచోటనే కూలబడ్డాడు.

"ఫేలయినవా కొడుకా?"

పాసయ్యానని చెప్పినా నమ్మడానికి ఆయనకు కాసేపు పట్టింది. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"మరి గీడెందుకు కూసున్నవ్? లే."

ఇప్పుడు భూపాలపల్లి దవాఖానలో రోజూ ఎందరిదో గుండె చప్పుడు వింటుంటాను. ఆ సాయంత్రం మా నాయన గుండె ఎంత జోరుగా కొట్టుకుందో ఒక్కసారి చెయ్యి పెట్టి చూడాలని మాత్రం, పరీక్ష పాసై వచ్చిన ఆ మొనగాడికి తోచలేదు.