రెండు దేశాల నీళ్లు తెలిసిన అంబదాస్

గాజెంగి అంబదాస్ చదివింది ఏడో తరగతి వరకే. సిరిసిల్లలో వాళ్ల బాపు మరమగ్గం మీద పనిచేసేవాడు. కొడుకు కూడా ఆ మోతలోనే బతకడం ఇష్టంలేక డ్రైవింగు నేర్పించాడు. ఇరవై రెండో ఏట అంబదాస్ ఒమాన్ వెళ్లి, పదకొండేళ్లు నీళ్ల ట్యాంకర్ నడిపాడు.

ఒమాన్ అనగానే ఇక్కడివాళ్లకు ఇసుకే గుర్తుకొస్తుంది. అంబదాసూ అలాగే అనుకుని విమానం ఎక్కాడు. తీరా పని పడింది కొండల్లో. ఆ కొండలు చూసి మొదటిరోజు నోరు తెరిచాడు. ఆకాశాన్ని రాసుకునేంత ఎత్తు, కానీ పేరుకు ఒక్క చెట్టు లేదు. కాల్చిన ఇటుక రంగులో రాయి మీద రాయి. జూన్ నెలలో కింద ఊళ్లో ఇనుప గేటు ముట్టుకుంటే వేళ్లు బొబ్బలెక్కేవి. అదే రోజు ట్యాంకర్ వేసుకుని కొండపైకి ఎక్కితే చల్లటి గాలి, మెట్లు మెట్లుగా దానిమ్మ తోటలు. చలికాలం పొద్దున్నే అక్కడ బకెట్లో నీళ్ల మీద మంచు పొర కట్టేది.

ఆ కొండల కింది ఊళ్లో హమూద్ అనే ముసలాయన ఉండేవాడు. కొండ కడుపులోంచి వచ్చే ఊటను సన్నని కాలువగా ఖర్జూర తోటలకు పంచడం ఆయన పని. నేలలో ఒక కర్ర పాతి, దాని నీడ ఎంత జరిగితే ఎవరి వంతు అయిపోయినట్టో చెప్పేవాడు. ఆయన మాటకు తిరుగు లేదు. ఏడాదికి నాలుగు వానలు కూడా సరిగ్గా పడని చోట ఒక్క చుక్క వృథా కాకుండా తోటలు పచ్చగా ఉండటం చూసి, అంబదాస్ ఖాళీ దొరికినప్పుడల్లా ఆయన పక్కన వెళ్లి కూర్చునేవాడు.

రెండో ఏడాది ఒకరోజు అంబదాస్ ఎండిన వాగులో ట్యాంకర్ ఆపి కడుగుతున్నాడు. అలాంటి వాగును అక్కడ వాదీ అంటారు. పైన మబ్బుతునక లేదు. హమూద్ ఒడ్డు మీంచి కేకలు వేసుకుంటూ వచ్చి, బండి తీయించి పైకి ఎక్కించాడు. పది నిమిషాలు గడిచాయో లేదో, ఎర్రటి నీళ్లు గోడలా దొర్లుకుంటూ వచ్చాయి. ఇందాక అతను నిలబడ్డ చోట మనిషి లోతు వరద.

"నీ నెత్తి మీది ఆకాశం చూసుకుని మురవకు," అన్నాడు హమూద్, వచ్చీరాని హిందీలో. "కొండ నెత్తి మీది ఆకాశం చూడు."

మర్నాటికల్లా వాదీ మళ్లీ ఎండిపోయింది. కింద రాయి ఎలా ఉండేదో అలాగే ఉంది. బండ్లు ఎప్పటిలాగే దాని మీంచి పోతున్నాయి.

పదకొండేళ్ల తర్వాత అంబదాస్ తిరిగొచ్చాడు. భార్య రమది ఉట్నూర్. ఇంట్లో బీడీలు చుట్టేది. అక్కడే ఇల్లు తీసుకుని, ఒక జీపు కొని, అడవి ఊళ్లకు మనుషులను తోలడం మొదలుపెట్టాడు. స్టీరింగు పట్టుకుంటే చాలు, "ఒమాన్ల గిట్ల గాదు" అని ఏదో ఒకటి ఎత్తుకునేవాడు. ఇక్కడి చలి ఒక రకం, అక్కడి చలి ఒక రకం. ఇక్కడ ఎండలు మేలో ముదిరి వానతో చల్లారతాయి, అక్కడ చల్లార్చే వాన రాదు. జీపెక్కిన వాళ్లు నవ్వుకునేవారు. రమ కూడా విసుక్కునేది. "ఆడ ఉన్నప్పుడు ఉట్నూర్ ముచ్చట, ఈడ ఉంటే ఒమాన్ ముచ్చట. నువ్వు యాడ ఉన్నవో నీకన్న ఎర్కనా?"

నిరుడు జూలైలో ఒక పొద్దున జీపు నిండా జనంతో పెద్దగూడకు బయలుదేరాడు. ముందు సీట్లో ఆ ఊరి బడిలో సాంఘిక శాస్త్రం చెప్పే మమతారాణి టీచర్. వెనక, కూతురి ఊరికి పోతున్న కిష్టవ్వ, ఉద్యోగానికి టైమైపోతోందని వాచీ చూసుకుంటున్న రంజిత్, ఇంకో నలుగురు. రెండ్రోజుల ముసురు వెలిసి ఎండ వచ్చింది. వాగు దగ్గర కల్వర్టు మీద నీళ్లు పాదం మునిగేంత పారుతున్నాయి.

అంబదాస్ బండి ఆపేశాడు.

"ఏందన్నా, ఎందుకాపినవ్?" అన్నాడు రంజిత్. "గిన్ని నీళ్లకు భయపడ్తవా?"

"జర ఆగు తమ్మీ. గా గుట్ట దిక్కు జూడు."

దూరంగా గుట్టల మీద ఆకాశం కాటుకలా ఉంది. కల్వర్టు మీద నీళ్లు అప్పటిదాకా తేటగా ఉండి, చూస్తుండగానే రంగు మారుతున్నాయి. పచ్చి టేకాకులు తేలి వస్తున్నాయి. రంజిత్ వినకుండా దిగి, ప్యాంటు మడుచుకుని నడిచిపోబోయాడు. అంబదాస్ ఒక్క దూకు దూకి అతని చొక్కా పట్టి వెనక్కి గుంజాడు. గుండీలు తెగాయి. రంజిత్ తిట్టబోయేంతలో వాగు ఒక్కసారి హోరుమంది. చెట్టు మొద్దొకటి కల్వర్టు మీంచి దొర్లుకుంటూ పోయింది. రంజిత్ రెండడుగులు వెనక్కి వేశాడు.

రెండు గంటలకు వరద తగ్గింది. నీళ్లు మళ్లీ పాదం మునిగేంతకు వచ్చాయి. అవతల తారురోడ్డు కడిగినట్టు మెరుస్తోంది.

"ఇగ పోదాం అన్నా," అన్నాడు రంజిత్, ఈసారి మెత్తగా. "మీ ఒమాన్ల గూడ గిప్పుడైతే పోతరు గద?"

పోతారు. అంబదాస్ చెయ్యి తాళంచెవి మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. అక్కడ నీళ్ల కింద ఉండేది రాయి. ఎన్ని వరదలు పోయినా కదలదు. ఇక్కడ రోడ్డు కింద ఉన్నది నల్లరేగడి. నానితే జావ. వాగు సంగతి నేర్పింది హమూద్ గానీ, ఈ మట్టి సంగతి హమూద్‌కు తెలియదు. అది తనే చూసుకోవాలి.

జీపులోంచి గడ్డపార తీసుకుని, పొడుచుకుంటూ కల్వర్టు అవతలి కొసదాకా నడిచాడు. తారు చెక్కుచెదరలేదు. దాని మీద గడ్డపారతో కొడితే మాత్రం ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మోగింది. పక్కకు వంగి చూశాడు. తారు కింద మట్టి లేదు. అటువైపు వెలుగు కనిపిస్తోంది.

అదే సమయానికి ఎదురుగా మలుపులోంచి హారన్ వినిపించింది. అంగడికి పోయే జనంతో బస్సు వస్తోంది. అంబదాస్ గొంతు చించుకుని అరిచాడు. వాగు హోరులో ఆ అరుపు బస్సుదాకా చేరలేదు. భుజం మీది కండువా చూస్తే మట్టిరంగు. జీపు వైపు తిరిగాడు.

"ఎర్రబట్ట! ఎర్రబట్ట ఉంటె తెండ్రి!"

కిష్టవ్వ సంచిలో చెయ్యి పెట్టింది. కూతురికి పెట్టడానికి తీసుకుపోతున్న కొత్త ఎర్రచీర. మడత కూడా విప్పలేదు. "తీస్కపో బిడ్డా, ఉరుకు!" అని టీచర్ చేతిలో పెట్టింది. మమతారాణి నీళ్లలో పరుగెత్తి వచ్చింది. ఒక కొస ఆమె, ఒక కొస అతను పట్టుకుని రోడ్డుకు అడ్డంగా ఎత్తారు. బస్సు బ్రేకులు కీచుమన్నాయి. ఇరవై అడుగుల దూరంలో ఆగింది.

డ్రైవర్ కోపంగా దిగాడు. అంబదాస్ చెప్పేది అతనికి వినబడలేదు. అంబదాసే రోడ్డు పక్కనున్న బండరాయిని కాలితో తారు మీదికి దొర్లించాడు. రాయితో పాటు బారెడు రోడ్డు నీళ్లలోకి కుప్పకూలింది. డ్రైవర్ గండికి అవతల నిలబడే రెండు చేతులూ జోడించాడు. బస్సు కిటికీల్లో ఉన్న నలభై ముఖాలూ అంబదాస్ వైపే చూస్తున్నాయి.

అతను జీపు దగ్గరికి వచ్చేసరికి కిష్టవ్వ వెనకొచ్చి ఆగిన బండ్లవాళ్లకు చెప్పేస్తోంది: "గీనె ఒమాన్ల పదకొండేండ్లు నీళ్లు తోలిండు. నీళ్ల మర్మం గీనెకు ఎర్క!" అంబదాస్ ముఖం తిప్పుకున్నాడు. కళ్లు తడిశాయని ఎవరూ చూడకూడదనుకున్నాడు.

రోడ్డు బాగయ్యాక మమతారాణి అతన్ని అడిగింది. "అంబదాస్ అన్నా, తొమ్మిదో తరగతికి రెండు దేశాల నేల, వాతావరణం పోల్చే పాఠం ఉంది. నువ్వొచ్చి చెప్పాలె."

"నేనా? ఏడు చదివినోన్ని మేడం."

"రెండు దేశాలు చూసినోల్లు మా బడిల ఇంకెవరున్నరు?"

వెళ్లాడు. సుద్దముక్క అందుకున్నాడు. ఒక పక్క ఒమాన్ కొండలు, ఇంకో పక్క మన గుట్టలు గీశాడు. ఒక ఏడాది తనను దక్షిణాన సలాలా అనే ఊరికి పంపారని చెప్పాడు. "మనకు వానలు తెచ్చే సముద్రం గాలే జూన్ల ఆడ గూడ తుంపర దెస్తది. గుట్టలు పచ్చగైతయి. రమ ఫోన్ల 'ఈడ వాన మొదలైంది' అంటె, 'ఈడ గూడ' అన్న. అబద్ధమనుకున్నది!" పిల్లలు గొల్లున నవ్వారు.

దీక్షిత అనే అమ్మాయి లేచింది. "సార్, రెండిట్ల ఏ దేశం మంచిది?"

సార్ అన్న మాటకే అంబదాస్ ఒక క్షణం తడబడ్డాడు. "ఆడ నూరు మిల్లీమీటర్లు పడితె గొప్ప. గా నీళ్లతోనే తరతరాల సంది తోటలు సాదుతున్నరు. గది వాళ్ల గొప్ప. మనకు వెయ్యి దాటుతది, అయినా మే నెల వస్తె బోరింగు కాడ బిందెలు. గది మనం నేర్సుకోవాలె. కాని బిడ్డా, వాన వెలిసినంక మన అడవిల నిలబడి సూడు. గసొంటిది గా కొండల మీద నాకు పదకొండేండ్లల ఒక్కపారి గూడ దొరకలే."

గంట కొట్టినా పిల్లలు లేవలేదు.

ఆగస్టు పదిహేనున బడిలో పిల్లలు చేసిన చార్టులు గోడలకు అంటించారు. అంబదాస్ రమను తీసుకెళ్లాడు. భారతదేశం, ఒమాన్ అని రాసిన పెద్ద చార్టు ముందు ఆమె నిలబడింది. కొండలు, వానలు, ఎండలు, మట్టి అన్నీ వరుసగా చదువుకుంటూ అడుగుకు వచ్చింది. అక్కడ రెండు వరుసలు ఉన్నాయి.

ఆధారాలు: సాంఘిక శాస్త్రం పాఠ్యపుస్తకం.

గాజెంగి అంబదాస్, జీపు డ్రైవర్, ఉట్నూర్.

రమ ఆ రెండో వరుసను వేలితో తడుముతూ మళ్లీ చదివింది. పక్కన ఎవరో పిల్ల తల్లి కూడా చార్టు చూస్తోంది. రమ ఆమె మోచెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది.

"గిది సదువు అక్కా," అంది. "మా ఇంటాయన పేరు."