అన్ని ప్రతుల్లోనూ కనబడని పద్యం

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, వేసవి సెలవులు ముగియగానే, సికింద్రాబాద్‌లోని ఒక బాలికల ఉన్నత పాఠశాలలో నన్ను తెలుగు పండితురాలిగా వేశారు. అప్పట్లో హాజరు పట్టీలో పండితుల పేరు డ్రాయింగు టీచరుకు పైన, మిగతా అందరికీ కింద ఉండేది. మొదటి ఏడాది తనిఖీలో ఇన్‌స్పెక్టరు బాగుందని రాస్తేనే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే.

పదో తరగతికి ఇతిహాస కావ్యంలోని రాయబార ఘట్టం పాఠం. ముందు పద్యాన్ని పదాలుగా విడగొట్టడం, పిమ్మట ఒక్కొక్క మాటకు అర్థం, చివర తాత్పర్యం: ఇదీ పద్ధతి. ఇరవై పద్యాలు కంఠస్థం చేయాలి. ఛందస్సులో రజియాను మించినవాళ్లు లేరు. వాళ్ల నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ పిల్ల వేళ్ల మీద గణాలు లెక్కపెట్టడం చూస్తే ముచ్చటేసేది. కంఠస్థం మాత్రం ఆమెకు గిట్టదు.

తనిఖీకి కోస్తా జిల్లాల నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరుగారు విచ్చేశారు. కావ్యమంతా తనకు నోటికి వచ్చునని వస్తూనే చెప్పారు. దూత సభలో అడుగుపెట్టగానే పలికే పద్యం చదవమని ఆయన వేలు చూపింది రజియా వైపే. ఆమె లేచి, పైకప్పు వంక ఒకసారి చూసి, గొంతెత్తి ఒక ఆటవెలది చదివింది. చివరి రెండు పాదాలు ఇవి:

దూత వచ్చె ననుచుఁ దొలుత నీళ్ళీయుఁడీ
పోరు మాట పిదప పొసఁగు గాక

అలాంటి పద్యం ఆ కావ్యంలో లేదు. ఇన్‌స్పెక్టరుగారు మాత్రం కళ్లు మూసుకుని తలాడించారు.

"చిన్ననాటి నుంచీ నాకు కంఠస్థమండీ ఇది. ఏమంటారు?" అని నన్నడిగారు.

అబద్ధమాడలేను, నిజం చెబితే ఆయన పరువూ నా ఉద్యోగమూ రెండూ పోతాయి. "ఇది అన్ని ప్రతుల్లోనూ కనబడదండీ" అన్నాను.

"ప్రక్షిప్తమంటారా? ఎవరో తర్వాత చేర్చిందనా? ఆ శైలి చూస్తే తెలియడంలేదూ, అచ్చంగా మూలకవిదే" అని నన్ను మందలించారు. వెనక బెంచీల్లో దగ్గులు మొదలయ్యాయి. తనిఖీ పుస్తకంలో "పద్యపఠనం ఉత్తమం. పండితురాలు పాఠభేదాల విషయమై మరింత శ్రద్ధ వహించవలెను" అని రాసి వెళ్లారు.

బడి వదిలాక రజియాను ఆపి, ఏమిటిది అని అడిగాను.

"అసలు పద్యం యాదికి రాలె టీచరమ్మా. ఊకుంటె మీ నౌకరి పోతదని ఒకటి కట్టిన."

"నీళ్లెందుకు అడిగించావు?"

"ఎండల అంత దూరం వచ్చినోడు ముందుగాల నీళ్లే అడుగుతడు గద."

కాదనలేకపోయాను. కానీ పద్యం మొదటి సగంలో, రెండో పాదంలో యతి తప్పింది. ఆ సంగతి చెబితే, అప్పటిదాకా లేని సిగ్గు ఆమె ముఖంలో కనబడింది. యతి సవరించుకు రమ్మని, ఇరవై పద్యాలూ వారంలో అప్పజెప్పమని పంపాను. యతి మర్నాడే సరిచేసింది. ఇరవై పద్యాలకు నెల పట్టింది.

నా ఉద్యోగం ఖాయమైంది. తరువాత ఎన్నో ఏళ్లు నేనూ బడులు తనిఖీ చేశాను. ఎరగని పద్యం వినబడితే "ఇది నాకు తెలియదు, పుస్తకం ఇలా ఇవ్వమ్మా" అనేదాన్ని. అలా అన్నందుకు ఏ తరగతిలోనూ నా గౌరవం తగ్గలేదు. రెండుసార్లు మాత్రం, పుస్తకం అడగగానే పిల్లల ముఖాలు పాలిపోయాయి.