మెషిన్ ముట్టుకోనివ్వని సార్

మా ఇంక్యుబేటర్ సార్‌ది ఒకటే గుణం. ఆయన దేన్నీ నమ్మరు. మనిషిని నమ్మరు, కాగితాన్ని నమ్మరు, గోడ గడియారాన్ని అసలే నమ్మరు. చేతికి ఒక వాచీ, జేబులో ఇంకో వాచీ పెట్టుకునేవారు. టైమెంతయిందని ఎవరైనా అడిగితే రెండూ చూసి, అడిగినవాడి మొహం కూడా చూసి, "ఎందుకు?" అనేవారు.

చదువుకుంటూనే సొంత కంపెనీ పెట్టాలని ఉబలాటపడే స్టూడెంట్లకి చోటూ, మెషిన్లూ, సలహాలూ ఇవ్వడానికి కాలేజీ వాళ్ళు పెట్టిన గది పేరు ఇంక్యుబేటర్. మూడో అంతస్తులో, మెట్లకి అటు చివర ఉండేది. గాజు తలుపు మీద 'మీ కోసం ఎప్పుడూ తెరిచే ఉంటుంది' అని పెద్దక్షరాలతో రాయించారు. ఆ తలుపుకి రెండు తాళాలు. మొదటిది కాలేజీ వేసింది, రెండోది మొదటిదాని మీద నమ్మకం లేక సార్ వేయించుకున్నారు.

మా అక్క నర్సు. ఇంక్యుబేటరంటే ఆమెకి నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని పడుకోబెట్టే పెట్టె. మేం ఇంక్యుబేటర్‌లో చేరామని చెప్తే ఒక్కటే అడిగింది. "మా దాంట్లో పెట్టిన పిల్లలు నెలకో రెణ్ణెల్లకో బయటికొచ్చేస్తారు. మీ దాంట్లోంచి ఇంతవరకూ ఎవరైనా బయటికొచ్చారా?" ఎంత ఆలోచించినా నాకు ఒక్క పేరూ తట్టలేదు.

మేమంటే ఇద్దరం. నేనూ, బొంగరమూ. వాడు ఒకచోట నిలబడి మాట్లాడటం వాళ్ళమ్మ కూడా చూడలేదు కాబట్టి ఆ పేరు పెట్టాం. మేం తయారు చేస్తున్నది ఒక క్లిప్పు. అక్క వార్డులో ఇరవై రెండు మంచాలకి ఇద్దరే నర్సులు. ఎవరి సెలైన్ ఎప్పుడు అయిపోతుందో తిరిగి తిరిగి చూసుకోవాలి. చూడటం ఆలస్యమైతే పైపులోకి రక్తం ఎక్కుతుంది, పక్కనున్న బంధువులు కేకలు పెడతారు, అక్క ఇంటికొచ్చి నా మీద విసుక్కుంటుంది. మా క్లిప్పు సెలైన్ పైపుకి తగిలిస్తే చాలు, బాటిల్ అయిపోవచ్చినప్పుడు నర్సుల టేబుల్ మీద ఆ మంచం నంబరు వెలుగుతుంది. ఈ పని మొదలుపెట్టడానికి సగం కారణం అక్క మీద ప్రేమ, మిగతా సగం ఆ విసుగు.

చేరిన రోజున మా ఫారం తీసుకుని సార్ కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతుర్లో పెట్టి చూశారు. తర్వాత తిరగేసి చూశారు. వెనకాల ఏమీ లేకపోవడం ఆయనకి ఇంకా అనుమానంగా అనిపించినట్టుంది.

"రెండు పేర్లూ ఒకే చేతిరాతలో ఉన్నాయేంటమ్మా?"

నేనే రాశానని చెప్పాను. అతనెందుకు రాయలేదని అడిగారు. తన రాత బాగోదని బొంగరం చెప్పాడు. రాసి చూపించమన్నారు. వాడు రాసి చూపించాడు. సార్ చాలాసేపు చూసి, "నిజమే," అన్నారు. మా మాటల్లో ఆయన నమ్మిన మొదటి మాట అది. రెండోది రావడానికి ఏడాది పట్టింది.

ఆయన్ని ఆటపట్టించడానికి మాకు వేరే ఏమీ అక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు. బిస్కట్ ప్యాకెట్ ఇస్తే వెనకాల చిన్నక్షరాలన్నీ చదివాక గాని విప్పేవారు కాదు. ఒకసారి ఏదో కంపెనీ సేల్స్‌మన్ మాకు కాఫీ మెషిన్ ఉచితంగా ఇస్తానని వచ్చాడు. ఉచితంగా ఎందుకు ఇస్తున్నారు, ఇచ్చి మీరేం చేసుకుంటారు, మీ మేనేజర్‌కి ఈ సంగతి తెలుసా, తెలిస్తే ఆయనెందుకు ఒప్పుకున్నాడు అని సార్ గంటన్నరసేపు అడిగారు. చివరికి ఆ మనిషికి తన కంపెనీ మీదే అనుమానం పుట్టింది. కాఫీ మెషిన్ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఉద్యోగం కూడా మానేశాడని బొంగరం అంటాడు. అది మాత్రం నేను నమ్మను.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉండేవి. ఏడిపించింది త్రీడీ ప్రింటర్ సంగతి. ప్లాస్టిక్‌తో కావలసిన ఆకారం పోసిపెట్టే మెషిన్ అది. మా క్లిప్పుకి పైతొడుగు అందులో ఒక్క పూటలో తయారైపోయేది. గది మధ్యలో, నీలం గుడ్డ కప్పుకుని, తాళం వేసిన బోనులో ఉండేది. మేం అడిగిన ప్రతిసారీ సార్ దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉండేది. ఒకరోజు దాని చప్పుడు అనుమానంగా ఉందన్నారు. ఇంకోరోజు గాలిలో తేమ మీద నమ్మకం లేదన్నారు. మరోరోజు కారణం కూడా చెప్పకుండా, మేం ఎందుకంత తొందరపడుతున్నామో ముందు చెప్పమన్నారు. ఇలా పదకొండుసార్లు. పైగా ప్రతిసారీ ఒక పుస్తకం తీసి, 'మెషిన్ అడిగారు, ఇవ్వలేదు' అని రాసి, తేదీ వేసి, మా ఇద్దరి చేతా సంతకాలు పెట్టించేవారు.

"ఇవ్వనిదానికి సంతకమేంటి సార్?" అన్నాడు బొంగరం.

"రేపు ఇచ్చాననే వాళ్ళు ఉంటారు."

ఆ మనిషితో ఏం వాదిస్తాం. ఒకరోజు విసుగెత్తి మెట్ల మీద కూర్చుంటే ఆయనే వచ్చి, బజారు మలుపులో గొడుగులు బాగుచేసే ముసలాయన ఒకడున్నాడనీ, అతని దగ్గర అన్ని చిన్న స్ప్రింగులూ ప్లాస్టిక్ ముక్కలూ ఎందుకున్నాయో తనకి చాలా అనుమానంగా ఉందనీ చెప్పి వెళ్ళిపోయారు. అనుమానం సంగతి దేవుడెరుగు, స్ప్రింగులున్నాయి కదా అని మేం పరిగెత్తాం. గొడుగుల తాతయ్య మూడు వారాలు కూర్చుని, ఆకురాయితో అరగదీసి, వేడి చేసి వంచి మాకు ఆరు క్లిప్పులు చేసిపెట్టాడు. చూడటానికి వికారంగా ఉన్నాయి గాని పనిచేశాయి. పెద్ద డాక్టర్ అనుమతి తీసుకుని అక్క వాటిని వారం రోజులు వార్డులో వాడి చూసింది. ఆ వారం ఇంట్లో నా మీద ఒక్కసారే విసుక్కుంది, అదీ వేరే సంగతి మీద.

అప్పుడు సార్ మా బొమ్మల కాగితాలన్నీ అడిగారు. మొదటి గీత నుంచి చివరి గీత దాకా, ఏ రోజు ఎక్కడ గీశామో రాసి, ప్రతి పేజీ మీదా సంతకం పెట్టి, ఒక నకలు తనకివ్వాలట. ఇక మాకూ అనుమానం పట్టుకుంది. ఆయన తోడల్లుడికి ప్లాస్టిక్ ఫ్యాక్టరీ ఉందని బొంగరం ఎక్కడో విన్నాడు. మా క్లిప్పు అక్కడికే పోతోందని ఇద్దరం తీర్మానించుకుని, ఒక సాయంత్రం ఆయన వెంట పడ్డాం. పది అడుగులకోసారి వెనక్కి తిరిగి చూసే మనిషిని వెంబడించడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. వీధి దాటకుండానే మా దగ్గరికి వచ్చేశారు.

"మీరు నన్ను వెంబడిస్తున్నారా?"

"లేదు సార్."

"మంచిది. అనుమానమొచ్చి అడిగాను." కూరల కొట్టు ముందు నిలబడి ఒక్కో టమాటాని నాలుగు వైపులా తిప్పి చూసి, ఏదీ నచ్చక ఉత్త సంచీతో ఇంటికి వెళ్ళిపోయారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రపంచంలోని స్టూడెంట్ స్టార్టప్‌లన్నిటినీ పిలిచే ఒక పెద్ద ప్రోగ్రామ్‌కి మేం దరఖాస్తు పెట్టాం. మా ఇంక్యుబేటర్‌లో సలహాల కమిటీ మూడు నెలలకోసారి కూర్చునేది. మాకు దొరికిన మూడు సమావేశాల్లోనూ క్లిప్పు బొమ్మకి ఏ రంగు వెయ్యాలన్న దాని మీదే చర్చ నడిచింది, అదీ తేలలేదు. ఆ ప్రోగ్రామ్ వాళ్ళయితే పన్నెండు వారాలు తమ దగ్గరే ఉంచుకుని, నాలుగు దేశాల ఆసుపత్రుల్లో మా క్లిప్పుని పరీక్షించనిస్తారు. ఆసుపత్రులకి వస్తువులు అమ్మి తల నెరిసినవాళ్ళు పక్కన కూర్చుని తప్పులు చెప్తారు. మేం ఎంపికయ్యాం. ఒక్కటే మెలిక. ఈ వస్తువు మీద కాలేజీకి ఏ హక్కూ లేదని పది రోజుల్లో ఉత్తరం పంపాలి. పంపకపోతే మా చోటు తర్వాతి వాళ్ళకి పోతుంది.

సార్‌కి తెలియకూడదని ఒట్టు పెట్టుకున్నాం. మర్నాడు పొద్దున్నే ఆయన మా బల్ల దగ్గర ఆగారు.

"ఇద్దరూ నవ్వుతున్నారు. ఎందుకు?"

బొంగరం రెండు నిమిషాల్లో మొత్తం కక్కేశాడు. సార్ ఆ ప్రోగ్రామ్ వాళ్ళ నలభై పేజీల ఒప్పందం తీసుకుని ఇంటికి పట్టుకుపోయారు. మూడో రోజు ఏడు చోట్ల పెన్సిల్‌తో గీతలు గీసి తెచ్చారు.

"ఇరవై మూడో పేజీ చదివారా?"

లేదన్నాను.

"దూరం నుంచి వచ్చింది కాబట్టి మంచిదనుకున్నారా?"

మా చేత ఏడు ప్రశ్నలూ రాయించి ప్రోగ్రామ్ వాళ్ళకి పంపించారు. ఆరింటికి జవాబులొచ్చాయి. ఏడోది, అంటే ఇరవై మూడో పేజీలో మా తర్వాతి వస్తువులన్నీ కూడా వాళ్ళవే అన్న వాక్యం, వాళ్ళు కొట్టేశారు. అయినా నాకు సార్ మీద నమ్మకం కలగలేదు. ఈయన మా కాలికి అడ్డం పడటానికే ఇదంతా చేస్తున్నారనీ, గడువు దాటిపోయేదాకా ప్రశ్నలు అడుగుతూనే ఉంటారనీ అనుకున్నాను.

ఉత్తరం కోసం వెళ్తే కాలేజీ డైరెక్టర్ గారు మమ్మల్ని కూర్చోబెట్టి టీ తెప్పించారు. ఆ టీ చూడగానే నాకు భయం వేసింది. ఏడాదిగా ఆ సార్ దగ్గర కూర్చున్నందుకు ఆ మాత్రం అబ్బింది. డైరెక్టర్ గారు చాలా ఆప్యాయంగా, ఇంక్యుబేటర్ మెషిన్ మీద తయారైన వస్తువు దేనిలోనైనా సగం హక్కు కాలేజీదని నిబంధన చదివి వినిపించారు. ఆ సగం కాలేజీకి పోతే ప్రోగ్రామ్ వాళ్ళు మమ్మల్ని తీసుకోరు. అక్క వార్డు, గొడుగుల తాతయ్య, మా ఏడాది పని అన్నీ ఆ ఒక్క వాక్యంలో పోయాయనిపించింది. మెషిన్ వాడలేదని చెప్పాను. ఏడాదంతా అక్కడే ఉండి వాడలేదంటే ఎవరు నమ్ముతారని ఆయన నవ్వి, సార్‌ని పిలిపించారు.

సార్ పుస్తకంతో వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. పదకొండు తేదీలూ, పదకొండుసార్లూ 'మెషిన్ అడిగారు, ఇవ్వలేదు' అన్న మాటా నిదానంగా చదివారు. తర్వాత ఏ బొమ్మ ఎక్కడ గీశామో, ఏ ముక్క గొడుగుల కొట్లో అరగదీయించామో మా సంతకాలతో సహా ఉన్న కాగితాలు బల్ల మీద పరిచారు.

"ఆ గదిలో కూర్చున్నారు కదా?" అన్నారు డైరెక్టర్ గారు.

"నిబంధనలో మెషిన్ అనే ఉంది సార్, గది అని లేదు. నాలుగుసార్లు చదివాను."

"అయితే ఈ ఏడాది ఆ మెషిన్‌ని ఎవరు వాడినట్టు?"

"ఎవరూ వాడలేదు సార్."

"మరి మీరక్కడ ఏం చేస్తున్నట్టు?"

"దుమ్ము పడకుండా చూసుకుంటున్నాను సార్."

మెషిన్‌ని వృథాగా ఉంచినందుకు ఆయన పేరు మీద రిపోర్టులో మచ్చ పడుతుందని డైరెక్టర్ గారు గట్టిగానే హెచ్చరించారు. రాసుకోండి సార్, తేదీ వేసి మరీ రాయండి అన్నారు మా సార్. నేను తల దించుకున్నాను. ఆయన్ని వెంబడించిన సాయంత్రం గుర్తొచ్చి సిగ్గేసింది.

పావుగంటలో సంతకమైన ఉత్తరం మా చేతికొచ్చింది. బయటికొచ్చాక వరండాలో సార్‌ని ఆపి, ఇదంతా ఎందుకు చేశారని అడిగాను. చెప్పడానికి ఆయనకి ఇష్టం లేదు. చివరికి చెప్పారు. నాలుగేళ్ళ కిందట ఒకమ్మాయి గుడ్డివాళ్ళకి మెట్ల జాడ చెప్పే కర్ర తయారు చేసిందట. మెషిన్ తాళం ఆయనే సంతోషంగా ఆమె చేతిలో పెట్టారు. కాలేజీకి సగం పోయింది, ఆ సగం చూసి బయటివాళ్ళెవరూ చెయ్యి వెయ్యలేదు, కర్ర కాలేజీ అద్దాల బీరువాలో ఎగ్జిబిషన్ వస్తువయ్యింది.

"అప్పుడు నిబంధన చదవలేదమ్మా. అందర్నీ నమ్మేవాణ్ణి," అన్నారు. "ఇక్కడ మీకు కుర్చీ ఇస్తాం. అక్కడైతే మీ క్లిప్పు బాగోలేదని మొహం మీద చెప్పే నర్సులు నాలుగు దేశాల్లో దొరుకుతారు. వెళ్ళండి."

నేను కాస్త దెబ్బలాడాను. "ఆ ముక్క మొదట్లోనే చెప్తే ఏం పోయేది సార్? ఏడాదంతా మిమ్మల్ని తిట్టుకున్నాం. అంటే మా మీద కూడా అనుమానమేనా?"

"మీ మీదే ఎక్కువ," అన్నారాయన. "మీరిద్దరూ మంచివాళ్ళు. డైరెక్టర్ గారు టీ ఇచ్చి అడిగితే మొత్తం చెప్పేసేవాళ్ళు."