ఆ పొద్దుటి వేన్నీళ్లు

"వీధిలో పిల్లలంతా కంప్యూటర్ కోర్సుల్లో చేరుతుంటే, నువ్వు పెళ్లిళ్లలో ఫిడేలు వాయిస్తావుటే?"

"వాయిస్తా నాన్నా. భోజనం కూడా వాళ్లే పెడతారు."

మనవరాలి మాటకు నా కొడుకు అరవలేదు. గోడవారనున్న ఫిడేలు తీసి, మెల్లగా దుమ్ము తుడిచాడు. తుడుస్తుంటే చెక్క పాలిష్ వాసన గుప్పుమంది.

మా నాన్నా అంతే. రైల్వే గుమాస్తా పని వద్దు, హార్మోనియంతోనే బతుకుతానని మా అన్నయ్య అన్న సాయంత్రం, పల్లెత్తు మాట అనకుండా ఆ హార్మోనియం శుభ్రంగా తుడిచాడు. ఒప్పుకున్నాడనుకుని నేను గంతులేశాను. తెల్లవారి బోయిగూడ ఇంటి పెరట్లో తనే కాగు కింద మంటపెట్టి నన్ను పిలిచాడు. వేన్నీళ్లు హాయిగా పోసుకున్నాను.

మా ఇంట్లో బూడిద కూడా పారేసేవాళ్లం కాదు. స్నానమయ్యాక, గిన్నెలు తోమడానికని ఆ కాగు కింది పొయ్యిలోంచి తీయబోతే, హార్మోనియం ఇత్తడి రీడ్లు చేతికి తగిలాయి. అన్నయ్య గుమాస్తా అయ్యాడు. మళ్లీ కూనిరాగమైనా తీయలేదు.

నా కొడుకు ఫిడేలు తుడిచిన మర్నాడు, ఎవరూ లేవకముందే దాన్ని నా ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. కాసేపటికి కొడుకు గోడవారన వెతికి, నా దగ్గరకొచ్చాడు.

"ఫిడేలు ఏదమ్మా?"

"నా దగ్గరుంది. దాంతో నీకేం పని?" అన్నాను.